గ్రాములో ఎంత పడుతుందో తర్వాత, ముందు రాసేదెలాగో చెప్పండి

ఒక గ్రాము డీఎన్ఏలో 215 పెటాబైట్ల డేటా పడుతుందట (ఒక పెటాబైటంటే పది లక్షల గిగాబైట్లు). ఈ ముక్క మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఏడాదికి ఒకసారైనా తిరుగుతుంది, ఒకరు దండం పెడతారు, ఇంకొకరు ఇదంతా మన పూర్వీకులకి ఎప్పుడో తెలుసంటారు, ఆఖర్న తెనాలి బాబాయి నన్ను ట్యాగ్ చేసి "ఏరా, అయితే మీ కంపెనీ మూసేస్తారా?" అని అడుగుతాడు. నేను బెంగుళూరులో అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక స్టోరేజ్ కంపెనీలో ఎస్ఎస్‌డీల మీద పనిచేస్తా, చిప్పులో రాసిన డేటా ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో చూసే టీము మాది, కాబట్టి "ప్రపంచం డేటా మొత్తం అగ్గిపెట్టెలో" రకం వార్త ఏదొచ్చినా జవాబు చెప్పాల్సింది నేనే అన్నమాట. విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా.

ముందుగా, ఆ 215 అబద్ధమేం కాదు. 2017లో యానివ్ ఎర్లిచ్, డీనా జీలిన్‌స్కీ అని ఇద్దరు 'సైన్స్' పత్రికలో వేసిన పేపర్లోది. అదే పేపర్లో ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. వాళ్ళు నిజంగా రాసింది రెండు మెగాబైట్ల చిల్లర. దానికి డీఎన్ఏ తయారు చేయించడానికి 7,000 డాలర్లు, తిరిగి చదవడానికి ఇంకో 2,000. రెండు మెగాబైట్లంటే మీ ఫోన్లో ఒక్క ఫొటో. 2019లో మైక్రోసాఫ్ట్, వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి, మనిషి చెయ్యి పెట్టకుండా మొత్తం మెషీనే చేసుకునేలా ఒక సెటప్ కట్టారు. దాంట్లో "హలో" అనే మాట, ఇంగ్లీషులో ఐదే ఐదు అక్షరాలు, రాసి తిరిగి చదవడానికి 21 గంటలు పట్టింది. పోనీ ఈ ఖర్చూ ఈ నిదానమూ అన్నీ పక్కన పెట్టేసి, డీఎన్ఏకి ఇవాళ్టి మంచి హార్డ్ డిస్క్ స్పీడే వచ్చేసిందనుకుందాం, సెకనుకి 275 మెగాబైట్లు. ఆ స్పీడులో రాత్రీ పగలూ ఆపకుండా రాస్తే ఆ ఒక్క గ్రాము నిండటానికి దాదాపు 25 ఏళ్ళు. పుట్టిన పిల్లాడి ఫొటోలు ఎక్కించడం మొదలుపెడితే వాడి పెళ్ళిలోపు అవుతుందేమో.

నేను చెప్పేదేంటంటే, స్టోరేజీకి పనికొచ్చే కొత్త మెటీరియల్ అని ఏ వార్త వచ్చినా అందులో డెన్సిటీ నంబర్, అంటే ఇంత చోట్లో ఇంత డేటా పడుతుందనే లెక్క, అన్నిటికంటే పనికిరాని నంబర్, ఎందుకంటే అన్నిటికంటే తేలిగ్గా వచ్చేది అదే. ఆటమ్‌లు చిన్నవి, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఒక్కో బిట్‌కి ఒక్కో ఆటమ్ చొప్పున లెక్కేస్తే ఏ పదార్థానికైనా కళ్ళు తిరిగే నంబరే వస్తుంది. 2016లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో సాండర్ ఓట్టే బృందం రాగి ఉపరితలం మీద క్లోరిన్ ఆటమ్‌లని ఒక్కొక్కటిగా జరిపి ఒక కిలోబైట్ రాసింది, చదరపు అంగుళానికి 502 టెరాబిట్ల లెక్కన. చిన్న సైజులో బోలెడంత చోటుందని ఫైన్‌మన్ 1959లో ఇచ్చిన ప్రసంగంలోదే ఒక ముక్క తీసుకుని రాశారు, అది ముచ్చటగానే ఉంది. కాకపోతే అది నిలిచేది మైనస్ 196 డిగ్రీల దగ్గర, ద్రవ నైట్రోజన్ చలిలో, శుభ్రమైన వాక్యూమ్‌లో, రాసే కలం ఒక స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్, అది చిన్న బ్లాక్‌కి కూడా నిమిషాలు తీసుకుంటుంది. 2017లో ఐబీఎం వాళ్ళు ఇంకా కిందకి దిగి ఒకే ఒక్క హోల్మియం ఆటమ్‌లో ఒక బిట్ పెట్టారు, ఇక దానికంటే చిన్నది ఉండదు, అది ద్రవ హీలియం చలిలో. డిస్ప్రోసియం అణువులతో చేసిన అయస్కాంతాలు 2017లో 60 కెల్విన్, 2018లో 80 కెల్విన్ దాకా గుర్తుపెట్టుకోగలిగాయి, ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ (అదే మైనస్ 196) దగ్గర మరుగుతుంది కాబట్టి ఆ గీత దాటడం కెమిస్ట్రీ వాళ్ళకి నిజంగా పండగే. కానీ ఆ 80 నుంచి మన గది ఇంకో 220 డిగ్రీలు పైన ఉంటుంది.

సరే ఇవన్నీ ల్యాబు ముచ్చట్లు. అసలు రుచంతా హార్డ్ డిస్క్ కథలో ఉంది, ఎస్‌పీ రోడ్డు కంప్యూటర్ బజార్లో ఏ షాపుకెళ్ళినా "ఇంకా హార్డ్ డిస్కా సార్, ఎస్ఎస్‌డీ తీస్కోండి" అని చులకనగా చూస్తారు గానీ డేటా సెంటర్లు ఇప్పటికీ బరువు మోసేది దాని మీదే.

డిస్క్ పళ్ళెం మీద అయస్కాంత పదార్థం పల్చటి పొరలా ఉంటుంది, చాలా ఏళ్ళుగా అది కోబాల్ట్, క్రోమియం, ప్లాటినం మిశ్రమం. ఆ పొర నిండా కొన్ని నానోమీటర్ల సైజు గింజలు. కొన్ని గింజలు కలిసి ఒక బిట్. ఎక్కువ బిట్లు పట్టాలంటే గింజ చిన్నదవ్వాలి, గింజ మరీ చిన్నదైతే గదిలో ఉండే మామూలు వేడికే దాని అయస్కాంత దిశ తిరగబడిపోతుంది, ఎవరూ ముట్టుకోకుండానే రాసింది చెరిగిపోతుంది. పదేళ్ళు నిలవాలంటే గింజని పట్టి ఉంచే శక్తి ఆ వేడి ఇచ్చే కుదుపు కంటే సుమారు 60 రెట్లు ఉండాలని మా వాళ్ళ లెక్క. సరే, గింజ చిన్నదైంది కాబట్టి ఇంకా మొండి పదార్థం తెద్దాం, ఐరన్-ప్లాటినం ఉంది, రెండు ఆటమ్‌లూ ఒక పొర ఇదీ ఒక పొర అదీ అని వరసగా పేర్చినట్టు కుదిరితే దాని మొండితనం పాత మిశ్రమం కంటే ఎన్నో రెట్లు, మూడు నానోమీటర్ల గింజ కూడా కదలదు. అబ్బ, సమస్య తీరింది అనుకుంటాం కదా? మరి అంత మొండిదాన్ని రాసే హెడ్ మాత్రం ఎలా తిప్పుతుంది? హెడ్‌కి వాడే ఐరన్-కోబాల్ట్‌కి ప్రకృతి పెట్టిన గీత 2.4 టెస్లా దగ్గర, అంతకంటే బలం ఏ మామూలు మిశ్రమమూ ఇవ్వదు. చిన్న గింజ, నిలకడ, రాయగలగడం, ఈ మూడింట్లో రెండు పట్టుకుంటే మూడోది జారిపోతుంది.

దీనికి కనిపెట్టిన ఉపాయం ఏంటంటే రాసే క్షణంలో ఆ చుక్కని వేడి చెయ్యడం. ఐరన్-ప్లాటినం నాలుగొందల డిగ్రీలు దాటేసరికి మొండితనం వదిలేస్తుంది, అప్పుడు రాసి, నానోసెకను పాటు మాత్రమే వేడి ఉంచి చల్లార్చేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. చెప్పుకోవడానికి రెండు వాక్యాలు. చెయ్యడానికి చూడండి: వేడి పడాల్సిన చుక్క కొన్ని పదుల నానోమీటర్లు, వెలుతురుని ఏ లెన్సుతోనూ అంత సన్నగా చెయ్యలేం, అందుకని హెడ్ చివర బంగారంతో ఒక బుల్లి యాంటెనా కట్టి లేజర్ వెలుగుని దానికి పట్టించారు, ఆ బంగారం ఆ వేడికి మెత్తబడి ఆకారం పోగొట్టుకునేది, డిస్క్ మీద పూసిన కందెన ఆవిరైపోయేది, పైన కాపాడే కార్బన్ పొర మాడేది, ఇంకోపక్క ఐరన్-ప్లాటినం ఆటమ్‌లు వరసగా కుదరాలంటే పొర వేసేటప్పుడే సుమారు 600 డిగ్రీల వేడి ఉండాలి కాబట్టి అల్యూమినియం పళ్ళెం పనికిరాదు, గాజు పళ్ళెం కావాలి, అదీ ఆ వేడికి వంగని గాజు, ఇదంతా చేస్తూ హెడ్ ఆ పళ్ళానికి ఒకటి రెండు నానోమీటర్ల ఎత్తులో ఎగరాలి. హార్డ్ డిస్కులు చేసే సీగేట్ కంపెనీ ఈ పద్ధతిని 2002లో చూపించింది. 2012లో చదరపు అంగుళానికి ఒక టెరాబిట్ దాటామని ప్రకటించింది. 2024 జనవరిలో మొజాయిక్ పేరుతో, పళ్ళానికి మూడు టెరాబైట్ల చొప్పున 30 టెరాబైట్ల డ్రైవుని బయటపెట్టింది. మెటీరియల్ దొరికిన రోజు నుంచి కాదు, పని చేస్తుందని చూపించిన రోజు నుంచే 22 ఏళ్ళు, అదీ డబ్బులూ ఫ్యాక్టరీలూ కస్టమర్లూ అన్నీ ముందే ఉన్న కంపెనీకి. ఐరన్-ప్లాటినం గొప్పదని వాళ్ళకి మొదటి రోజే తెలుసు. 22 ఏళ్ళూ పోయింది కలం మీద.

(ఆ 30 టెరాబైట్లు ఒకసారి మొత్తం నింపాలంటే ఇందాకటి స్పీడుతోనే 30 గంటలు పడుతుంది, ఒక డ్రైవు పోతే దాని స్థానంలో ఇంకోటి పెట్టి డేటా తిరిగి కట్టే వాళ్ళని అడగండి, డెన్సిటీ పెరిగితే సంతోషమేనా అని.)

మరి కొన్ని మెటీరియల్స్ గబగబా వచ్చేశాయి కదా అంటారు. వచ్చాయి. దీనికి నా దగ్గర ఒక థియరీ ఉంది. పండగ ముందు గుంటూరు బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటారు చూశారా, నిలబడ్డవాళ్ళలో ఎవరు బలవంతుడు, ఎవరు ముందొచ్చారు అన్నది కాదు లెక్క, ఎవరి కర్చీఫ్ సీటు మీద ఉందన్నదే లెక్క. మెటీరియల్స్ కూడా అంతే. జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్‌ని 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనిపెట్టారు, ఇనుము, క్రోమియం పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి. 1997కల్లా ఐబీఎం హార్డ్ డిస్కుల్లో ఉంది, తొమ్మిదే ఏళ్ళు. 2007లో వాళ్ళిద్దరికీ నోబెల్. ఎందుకంత తొందరగా కుదిరిందంటే అయస్కాంతాన్ని బట్టి కరెంటు నిరోధం మారే పొరతో చదివే హెడ్ అప్పటికే డ్రైవుల్లో ఉంది, అదే చోట ఇంకా గట్టిగా పనిచేసే పొర పెడితే చాలు. పైగా ఐబీఎంలో స్టువర్ట్ పార్కిన్, ఈ పొరలు ఖరీదైన ల్యాబు పద్ధతిలోనే కాదు, ఫ్యాక్టరీల్లో వాడే మామూలు స్పటరింగ్‌తో కూడా వస్తాయని చూపించాడు. నన్నడిగితే ఫ్యాక్టరీ వైపు నుంచి చూస్తే సగం విజయం ఆ చివరి పనిదే.

హాఫ్నియం ఆక్సైడ్ కథ కూడా ఇంతే. ఫెర్రోఎలక్ట్రిక్ మెమరీకి, అంటే కరెంటు తీసేసినా తనలోని విద్యుత్ దిశని గుర్తుపెట్టుకునే పదార్థంతో చేసేదానికి, దశాబ్దాల పాటు సీసం కలిసిన పదార్థాలు వాడారు, సీసం అంటేనే చిప్ ఫ్యాక్టరీ వాళ్ళు గుమ్మం దగ్గర ఆపేస్తారు. హాఫ్నియం ఆక్సైడ్ అప్పటికే, 2007 నుంచే, ఇంటెల్ ప్రాసెసర్లలో ట్రాన్సిస్టర్ గేటు కింద ఇన్సులేటర్‌గా లోపలే ఉంది. 2011లో జర్మనీ వాళ్ళు, దానికి కాస్త సిలికాన్ కలిపి పల్చగా వేస్తే అది కూడా ఫెర్రోఎలక్ట్రిక్కే అని పేపర్ వేశారు. లోపల ఉన్నవాడికే ఇంకో పని దొరికినట్టు. అయినా సరే, 2023 చివర్లో మైక్రాన్ దీంతో 32 గిగాబిట్ల మెమరీ చిప్ చేసి కాన్ఫరెన్సులో చూపించిందే గానీ బజార్లోకి తీసుకురాలేదు.

కర్చీఫ్ లేనివాడి పరిస్థితికి ఉదాహరణ ఇంటెల్ అమ్మిన ఆప్టేన్ అనే మెమరీ. వేడి చేసి చల్లార్చే తీరుని బట్టి గాజులాగా ఒకసారి, స్ఫటికంలాగా ఒకసారి మారే పదార్థాలు ఉన్నాయి, జెర్మేనియం, యాంటిమొనీ, టెలూరియం మిశ్రమాలు, వీటి జాతి పదార్థాలు కరెంటుతో స్విచ్‌లా మారతాయని కాలేజీ ముఖం చూడని స్టాన్‌ఫర్డ్ ఓవ్‌షిన్‌స్కీ 1968లో పేపర్ వేశాడు, 1970లో 'మూర్స్ లా' చెప్పిన ఇంటెల్ గోర్డన్ మూరే దీంతో చేసిన 256 బిట్ల మెమరీ గురించి రాసిన వాళ్ళలో ఒకడు. తర్వాత ఈ జాతి పదార్థం తిరగరాసే సీడీల్లో, డీవీడీల్లో హాయిగా కుదురుకుంది, ఎందుకంటే లేజర్ ఉన్న డ్రైవు అప్పటికే ఇళ్ళల్లో ఉంది. చిప్పుగా మాత్రం 2015లో ఇంటెల్, మైక్రాన్ ప్రకటించేదాకా పెద్దగా రాలేదు, ఎస్ఎస్‌డీల్లో ఉండే ఫ్లాష్ కంటే వెయ్యి రెట్లు వేగమన్నారు, వచ్చాక కంప్యూటర్లో ర్యామ్‌గా వాడే డీర్యామ్ కంటే నెమ్మది, ఫ్లాష్ కంటే ఖరీదు, మధ్యలో సీటు ఏదీ? 2022లో ఇంటెల్ మూసేసింది, మిగిలిపోయిన సరుకు కింద 559 మిలియన్ డాలర్లు లెక్కల్లో కొట్టేసుకుంది. పదార్థం తప్పేం లేదు. బాగానే పనిచేసింది. వాడినవాళ్ళు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

ఇప్పుడు నా పొట్ట నింపే ఫ్లాష్ సంగతి. ఇక్కడ డెన్సిటీ ఎలా కొంటామో తెలిస్తే మీకు ఎస్ఎస్‌డీ డబ్బా మీద నంబర్ చూసి ఉత్సాహం కాస్త తగ్గుతుంది. సిలికాన్ నైట్రైడ్ పొరలో ఎలక్ట్రాన్లు ఇరికించి, ఎన్ని ఉన్నాయో కొలిచి బిట్లు చదువుతాం. సెల్‌కి ఒక బిట్ కావాలంటే రెండు స్థాయిలు చాలు, రెండు బిట్లకి నాలుగు, మూడింటికి ఎనిమిది, నాలుగింటికి పదహారు. గమనించారా, మూడు నుంచి నాలుగుకి వెళ్తే వచ్చే లాభం 33 శాతం, నాలుగు నుంచి ఐదుకి 25 శాతం, కానీ ప్రతిసారీ స్థాయిలు రెట్టింపు, వాటి మధ్య సందు సగం. ఆ సందు తగ్గినకొద్దీ నాలుగు ఎలక్ట్రాన్లు జారినా పక్క స్థాయిలోకి పోతుంది. సెల్‌కి ఒక బిట్ పెట్టే రోజుల్లో లక్షసార్లు దాకా రాసి చెరిపినా తట్టుకునేవి, నాలుగు బిట్లవి వెయ్యి దగ్గర్లో చేతులెత్తేస్తాయి. అందుకే పరిశ్రమ బిట్లు కుక్కడం కంటే పొరలు పేర్చడం మీద పడింది, 2013లో శాంసంగ్ 24 పొరలతో మొదలుపెట్టింది, 2024లో ఎస్‌కే హైనిక్స్ 321 పొరలది తయారుచెయ్యడం మొదలుపెట్టింది. చూడండి, ఇక్కడ కూడా గెలిచింది కొత్త పదార్థం కాదు, పాత పదార్థాన్ని అంత లోతు బెజ్జంలో సమానంగా పూయగలిగిన పద్ధతి.

ఇంకో సంగతి, ఇది చెప్తే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. కరెంటు తీసేసిన ఎస్ఎస్‌డీ డేటా ఎన్నాళ్ళు ఉంచాలన్నదానికి పరిశ్రమ ప్రమాణం ఒకటుంది. కంపెనీ చెప్పినంతా రాసి రాసి అరిగిపోయాక, మామూలు ల్యాప్‌టాప్‌ది 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది నిలిస్తే పాసు, సర్వర్లదైతే 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు నిలిస్తే పాసు. అంతే. కొత్త డ్రైవు దీనికంటే చాలా ఎక్కువే నిలుస్తుంది, కంగారు పడకండి, కానీ వేడి పెరిగితే ఎలక్ట్రాన్లు తొందరగా జారిపోతాయి, మేం టెస్టింగ్‌లో చేసేదే అది, ఓవెన్‌లో పెట్టి ఏళ్ళ కాలాన్ని రోజుల్లోకి కుదిస్తాం. బెంగుళూరు చల్లదనంలో కూర్చుని రాసిన డ్రైవుని రెంటచింతలలో మే నెలలో రేకుల షెడ్డు కింద బీరువాలో పడేస్తే ఆ లెక్కలు వేరు. పెళ్ళి వీడియో ఎస్ఎస్‌డీలో పెట్టి తాళం వేసినవాళ్ళు ఏడాదికోసారైనా దాన్ని కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్ళన్నీ ఒకసారి కాపీ చేసుకోండి.

ఇప్పుడు మన ఊరి వార్తలు. 2024లో ఇక్కడి ఐఐఎస్‌సీ నుంచి రెండు నెలల తేడాలో రెండు పేపర్లు 'నేచర్'లో వచ్చాయి, రెండిట్నీ మన పేపర్లూ టీవీలూ "స్టోరేజీలో విప్లవం" అని ఒకే గాటన కట్టేశాయి. సెప్టెంబరులో వచ్చింది శ్రీతోష్ గోస్వామి బృందానిది, రుథీనియం ఉన్న అణువుల పల్చటి పొరలో 16,500 వాహకత స్థాయిలు, అంటే 14 బిట్లు. ఇందాక ఫ్లాష్‌లో పదహారు స్థాయిలకే మేం కింద మీద పడుతున్నామని చెప్పా కదా, 16,500 వినగానే నాలాంటి వాడికి నోరూరుతుంది, వెంటనే సెల్‌కి 14 బిట్లున్న ఎస్ఎస్‌డీ కళ్ళ ముందు కనపడుతుంది. కానీ వాళ్ళు దాన్ని చేసింది అందుకు కాదు. మెమరీలోనే గుణకారాలూ కూడికలూ చేసేసి, ఏఐ లెక్కలకి డేటాని ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య మోసే శ్రమ తగ్గించడం వాళ్ళ గురి, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ డేటా నుంచి ఒక నెబ్యులా చిత్రాన్ని దీంతో కట్టి చూపించారు కూడా. దాన్ని హార్డ్ డిస్క్‌తో పోల్చి డెన్సిటీ హెడ్డింగు పెట్టినవాడికి ఆ పేపర్ అర్థం కాలేదని నా ఉద్దేశం, వాళ్ళ పనికి అన్యాయం కూడా.

నవంబరులో వచ్చిన రెండోది నాకు ఇంకా నచ్చింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ, ఎంఐటీలతో కలిసి ఐఐఎస్‌సీలో పవన్ నూకల బృందం చేసింది. ఆప్టేన్ జాతి మెమరీలో కరెంటు ఎక్కువ తాగేది గాజు స్థితికి తెచ్చే ఘట్టం, పదార్థాన్ని కరిగించి టక్కున చల్లార్చాలి. వీళ్ళు ఇండియం సెలెనైడ్ తీగలోకి మామూలుగా కరెంటు వదులుతుంటే కరగకుండానే తీగ చాలా మేర గాజైపోయింది, శక్తి వంద కోట్ల రెట్లు తక్కువ. మొదట తీగ పాడైందేమో అనుకునే పరిస్థితి, మైక్రోస్కోప్ కింద చూస్తే అసలు సంగతి బయటపడింది: ఆ పదార్థం పొరలు పొరలుగా ఉంటుంది, కరెంటుకి పొరలు కాస్త జరుగుతాయి, హద్దుల దగ్గర లోపాలు పోగవుతాయి, ఒక స్థాయి దాటాక భూకంపంలో లాగా ఒక్కసారిగా కుదుపు, ఆ శబ్ద తరంగం పదార్థంలో పాకుతూ పక్కవాటిని కూడా కదిలిస్తుంది. ఇది చదివాక ఒక పూటంతా నాకు వేరే పని మీద మనసు పోలేదు. ఇందులో నాకు నచ్చిందేంటో చెప్తా, ఇది డెన్సిటీ గురించి మాట్లాడే పేపర్ కాదు, రాసే ఖర్చు గురించి మాట్లాడే పేపర్. నేను మొదట్నించీ అడుగుతున్న ప్రశ్న మీదే నేరుగా చెయ్యి వేసింది. ఇక ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతుంది, సెలీనియం జారిపోకుండా ఉంటుందా, తీగలో అయింది ఇరవై నానోమీటర్ల చుక్కలో అవుతుందా అన్నవి తర్వాత, అవి మామూలు చాకిరీ ప్రశ్నలు, ఎవరో కూర్చుని చెయ్యాలి.

ఈ వాదన నేను యశ్వంతపూర్ వైపు టీ కొట్టు దగ్గర ఒక పీహెచ్‌డీ ఫ్రెండ్‌తో ఎప్పుడూ పడుతుంటా, ప్రొద్దుటూరు వాడు, పల్చటి పొరల మీద పని. వాడి మాట: "నువ్వు చెప్పేదంతా బాగుండాదిలే గానీ, మీ ప్రొడక్టు వాళ్ళ మాట యినుంటే ఫెర్ట్‌కి ఎవురన్నా డబ్బులిచ్చిండేవాళ్ళా? సీటు ఉండేదాని మీదే పరిశోధన చేయమంటే కొత్తది యాడ పుడతాది?" నిజమే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫెర్ట్ హార్డ్ డిస్క్ కోసం చెయ్యలేదు. ఓవ్‌షిన్‌స్కీ ఏ సీటూ చూసుకుని మొదలుపెట్టలేదు. నా కోపం ల్యాబు మీద కాదు. డబ్బులు అడిగేటప్పుడు యూనివర్సిటీల ప్రెస్ నోట్లలో డెన్సిటీ నంబర్ బొద్దు అక్షరాల్లో వేసే అలవాటు మీద, ఆ నంబర్ చూసి ఐదేళ్ళలో ప్రొడక్టు రాలేదని ఆ ల్యాబునే తిట్టే మన మీద. డెల్ఫ్ట్ వాళ్ళు ఆటమ్‌ని కావలసిన చోట పెట్టడం నేర్పారు, అది చాలు, దాన్ని పెన్‌డ్రైవ్ అని ఎందుకు అమ్మాలి?

శాశ్వతంగా నిలిచే మెటీరియల్ అని ఇంకో రకం వార్తలు కూడా ఉన్నాయి, వాటి మీద నాకు అనుమానం ఇంకా ఎక్కువ. సౌతాంప్టన్‌లో పీటర్ కజాన్‌స్కీ బృందం ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గాజు లోపల నానో గీతలు గీసి డేటా పెడుతుంది, 2016లో 190 డిగ్రీల దగ్గర కూడా 1,380 కోట్ల ఏళ్ళు నిలుస్తుందని చెప్పారు, విశ్వం వయసంత. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో అరచేతిలో పట్టే గాజు పలక మీద ఒక సినిమా మొత్తం, 75.6 గిగాబైట్లు, ఎక్కించింది. గాజు నిలుస్తుంది, ఒప్పుకుంటా. చదివే మెషీన్ నిలుస్తుందా? తిరుమలలో అన్నమయ్య కీర్తనల రాగిరేకులు శతాబ్దాల పాటు గుళ్ళో అరలో భద్రంగానే ఉన్నాయి, రాగికి ఏం కాలేదు, చూసే దిక్కులేక 20వ శతాబ్దం వచ్చేదాకా జనం నోట్లో ఆ పాటల్లో చాలా భాగం లేవు. అదే తాటాకు చూడండి, పురుగు తింటుంది, చెమ్మకి పాడవుతుంది, అయినా వేమన పద్యాలు బ్రౌన్ దొర చేతికి అందాయంటే తరతరాలుగా ఎవరో ఒకరు గంటం పట్టుకుని తిరగరాస్తూ వచ్చారు కాబట్టే. ఆయన పోగుచేసినవి చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి, వీలైతే వెళ్ళి చూడండి. రాగిరేకులు బయటపడ్డాక చదవగలిగామంటే లిపి తెలిసిన కళ్ళు ఉన్నాయి. గాజు పలకకి కళ్ళు సరిపోవు, ధ్రువణ కాంతిని కొలిచే మైక్రోస్కోపు, గీతల్ని బిట్లుగా మార్చే సాఫ్ట్‌వేర్, ఆ ఫార్మాట్ వివరం, అన్నీ కావాలి. అందుకే డేటా సెంటర్ల వాళ్ళు ఏం చేస్తారంటే, ఏ మెటీరియల్‌నీ నమ్మరు, పదేళ్ళకోసారి కొత్త టేపు మీదకి ఎక్కించేస్తారు. టేపా అని నవ్వకండి, 2020లో ఐబీఎం, ఫ్యూజీఫిల్మ్ కలిసి స్ట్రాన్షియం ఫెర్రైట్ పూసిన టేపుతో ఒక్క క్యాసెట్‌లో 580 టెరాబైట్లు పట్టే డెన్సిటీ చూపించాయి, అది డిస్క్ డెన్సిటీ కంటే చాలా తక్కువే, కానీ టేపు పొడుగు కిలోమీటరు పైన ఉంటుంది కాబట్టి ఎవరికీ బెంగ లేదు.

మన దేశం సంగతికొస్తే నాకున్న అసలు బాధ ఇది. బెంగుళూరులో స్టోరేజీ ఫర్మ్‌వేర్ రాసేవాళ్ళు వేలల్లో ఉన్నారు, ఐఐఎస్‌సీలో మంచి నానో ఫ్యాబు, అంటే చిప్పులు చేసే చోటు, ఉంది, మంచి పేపర్లు వస్తున్నాయి, ఈ రెండిటి మధ్య ఉండాల్సింది మాత్రం లేదు. మొహాలీలో సెమీకండక్టర్ ల్యాబొరేటరీ ఉంది, అది 180 నానోమీటర్ల పాత తరం లైను. గుజరాత్‌లో సనంద్‌లో మైక్రాన్ వాళ్ళది ప్యాకింగూ టెస్టింగూ. ధోలేరాలో టాటా వాళ్ళ ఫ్యాబు 28 నానోమీటర్లు, ఆపైన లాజిక్ చిప్పులకి. మెమరీ చిప్పు పుట్టే చోటు దేశంలో ఒక్కటీ లేదు. బెల్జియం చిన్న దేశం, 1984లో ల్యూవెన్‌లో ఐమెక్ అని ఒకటి పెట్టుకుంది, ల్యాబులో పుట్టిన వింత పదార్థాన్ని నిజమైన వేఫర్ల (చిప్పులు చెక్కే సిలికాన్ పళ్ళేల) మీద, నిజమైన ఫ్యాక్టరీ మెషీన్లలో పోసి చూసే చోటు, ప్రపంచంలో పోటీ కంపెనీలన్నీ అక్కడికి వచ్చి డబ్బులిచ్చి మరీ కూర్చుంటాయి. సెలీనియం, టెలూరియం, రుథీనియం తెచ్చామంటే "మా మెషీన్లు పాడవుతాయి, బయటికి నడువు" అనకుండా, వాటి కోసమే విడిగా ఒక లైను పెట్టేవాడు ఇక్కడ ఒకడు కావాలి. ఫ్యాబుకి పెట్టే సబ్సిడీలో చిన్న ముక్క చాలు. అందులో పేపర్లేం రావు, వచ్చేది రిజెక్ట్ అయిన వేఫర్ల గుట్టలూ, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏం ఊడిపోయిందన్న రిజిస్టర్లూ. సీగేట్ 22 ఏళ్ళు చేసింది సరిగ్గా ఆ పనే.

మా ప్రొద్దుటూరు వాడు తన పొర కోటి సార్లు తిప్పి చూడాలనుకుంటున్నాడు, ల్యాబులో దొరికే సెంటీమీటర్ ముక్క మీద అది కుదరదు, కనీసం ఎనిమిది అంగుళాల వేఫర్ కావాలి. అడిగిన చోటల్లా ముందు ఆ పొరలో ఏ ఎలిమెంట్లు ఉన్నాయో రాసివ్వమంటున్నారు, రాసిచ్చాక ఫోను ఎత్తడం లేదు. పోస్ట్ డాక్‌కి ల్యూవెన్‌కి అప్లై చేశాడు.